వేసవిలో ఉచిత శిక్షణ: ఆర్‌సెటీలో ఏ కోర్సు తీసుకోవాలి?

మహిళా సంఘాల సభ్యులు, ఉపాధి హామీ కూలీలు, చదువు మధ్యలో ఆపేసిన యువతీ యువకుల కోసం

ఆర్‌సెటీ అంటే ఏమిటి?

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థను అందరూ ఆర్‌సెటీ అంటారు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి ఇలాంటి మొదటి సంస్థను పెట్టాయి. తర్వాత కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ అదే పద్ధతిలో జిల్లాల్లో వీటిని పెట్టించింది. వీటిని బ్యాంకులు నడుపుతాయి. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. సీట్లలో కనీసం 70 శాతం గ్రామీణ పేద కుటుంబాలకే.

ఎవరు చేరవచ్చు?

సాధారణంగా 18 నుంచి 45 ఏళ్ల లోపువారు. చాలా కోర్సులకు పెద్ద చదువు అక్కర్లేదు, చదవడం, రాయడం వస్తే చాలు.

ఏయే కోర్సులుంటాయి?

• సుమారు 10 రోజులు: పాడి పశువుల పెంపకం, గొర్రెలు, మేకల పెంపకం, పుట్టగొడుగులు, అప్పడాలు, పచ్చళ్లు, మసాలా పొడులు
• సుమారు రెండు వారాలు: జనపనార సంచులు, సీసీ కెమెరాలు బిగించడం
• సుమారు నెల: కుట్టుపని, బ్యూటీ పార్లర్, సెల్‌ఫోన్ రిపేర్, బైక్ మెకానిక్, మోటార్ వైండింగ్

ప్రతి జిల్లాలో ఇవన్నీ ఒకేసారి ఉండవు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఏ బ్యాచ్ ఎప్పుడో ముందే అడగండి.

పక్కింటామె చేరిందని చేరకండి

చాలామంది ఆలోచించకుండా కుట్టుపనికే పేరు ఇస్తారు. ఊళ్లో ఇప్పటికే ఆరుగురు జాకెట్లు కుడుతుంటే ఏడో మిషన్‌కు గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది? నెల రోజులు ఇల్లు వదిలి నేర్చుకున్నాక మిషన్ మూలన పడితే నష్టం మనకే. పేరు ఇచ్చే ముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

1. ఈ పని కోసం మన ఊరివాళ్లు ఇప్పుడు ఎక్కడికి పోతున్నారు?
మోటారు కాలిపోతే రైతు మండల కేంద్రానికి మోసుకుపోతున్నాడా? అయితే వైండింగ్ నేర్చినవాళ్లకు ఊళ్లోనే పని ఉంది. బడి తెరిచే ముందు యూనిఫాంల పని ఉంటుంది. తెలంగాణలో సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు. మీ మండలంలో ఆ పని ఎవరికి వస్తుందో ఐకేపీ సీసీని అడిగి, అప్పుడు కుట్టుపని సంగతి తేల్చుకోండి.

2. సీజన్ కలుస్తుందా?
ఆవకాయ పెట్టేది వేసవిలోనే. మామిడికాయ అయిపోయాక పచ్చళ్ల కోర్సు చేస్తే, ఆవకాయ అమ్మడానికి మళ్లీ ఏడాది ఆగాలి. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఎలా చేసుకోవాలో శిక్షణలోనే అడిగి తెలుసుకోండి.

3. అన్ని రోజులు ఇల్లు ఎలా గడుస్తుంది?
ఉపాధి పనులు ముమ్మరంగా సాగేది ఎండాకాలంలోనే. శిక్షణలో ఉన్నన్ని రోజులు మీ కూలి రాదనే లెక్క వేసుకోండి. అయితే ఉపాధి పని దినాలు కుటుంబం లెక్కన ఇస్తారు. జాబ్ కార్డులో పేరున్న ఇంకొక పెద్దవాళ్లు ఆ రోజుల్లో పనికి పోవచ్చు. చంటిపిల్లలు ఉంటే రోజూ వచ్చిపోయే వీలుందా అని సంస్థను ముందే అడగండి. ఆ వీలు లేకపోతే 10 రోజుల కోర్సు చూసుకోండి.

దరఖాస్తు ఎలా?

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు, ఫొటోలు, చదువు సర్టిఫికెట్ ఉంటే అదీ, జాబ్ కార్డు ఉంటే అదీ దగ్గర పెట్టుకోండి. ఆర్‌సెటీకి నేరుగా వెళ్లవచ్చు, లేదా గ్రామ సంఘం ద్వారా పేరు ఇవ్వవచ్చు. ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు. సీటు ఇప్పిస్తామని డబ్బులు అడిగితే ఆర్‌సెటీ డైరెక్టర్‌కు చెప్పండి.

శిక్షణ అయ్యాక లోన్ వస్తుందా?

సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన లోన్ దానంతట అదే రాదు. పాత బాకీలు సరిగా కడుతున్నారా, పెట్టబోయే పని నడుస్తుందా అని బ్యాంకు చూస్తుంది. దారులు ఇవి:

• ముద్ర శిశు లోన్: 50,000 రూపాయల వరకు, తాకట్టు లేకుండా
• సంఘం ద్వారా బ్యాంకు లింకేజీ లేదా స్త్రీనిధి
• పెద్ద యూనిట్‌కు పీఎంఈజీపీ: ఊళ్లో పెట్టే మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 35 శాతం సబ్సిడీ. సొంత వాటా 5 శాతం పెట్టుకోవాలి

శిక్షణ పూర్తయ్యాక రెండేళ్ల పాటు ఆర్‌సెటీ వాళ్లు మీ పని గురించి కనుక్కుంటూ ఉండాలి. బ్యాంకులో ఫైల్ ఆగినా, గిరాకీ లేకపోయినా వాళ్లకు ఫోన్ చేసి అడగండి. అది మీ హక్కు.

ఈ కాగితాన్ని వచ్చే సంఘం మీటింగులో చదివి వినిపించండి. మూడు ప్రశ్నలకు జవాబులు అందరూ కలిసి రాసుకోండి. అప్పుడు ఒకే ఊళ్లో పదిమంది ఒకే పని నేర్చుకునే తిప్పలు తప్పుతాయి.