ఓడలకూ పరీక్షలున్నాయి!

బడికి తనిఖీ అధికారి వస్తున్నారంటే ఎంత హడావుడో మీకు తెలుసు. గోడలకు సున్నం పడుతుంది. పటాలు మేకులెక్కుతాయి. ప్రయోగశాలలో సీసాలు తళతళలాడతాయి. సముద్రాల మీద సరుకులు మోసే ఓడలకు కూడా ఇలాంటి అధికారులున్నారు. అయితే ఒక తేడా ఉంది. రేవుల్లో ఓడను తనిఖీ చేసే అధికారి సాధారణంగా ముందుగా కబురు పెట్టి రాడు. ఓడను రేవుకు కట్టిన కొద్దిసేపటికే నెత్తిన గట్టి టోపీ, చేతిలో టార్చిలైటుతో నిచ్చెనెక్కి వచ్చేస్తాడు. ఓడ ఎప్పుడూ పరీక్షకు సిద్ధంగానే ఉండాలన్న మాట.

ఇంత పట్టింపు ఎందుకు? ఆలోచించండి. 200 మీటర్ల పొడవున్న పెద్ద సరుకుల ఓడలో పనిచేసేవారు ఇరవై, పాతికమందికి మించరు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజను రాదు. నీళ్లు లోపలికి చొరబడితే పక్కింటివాళ్లు రారు. ఉన్న పరికరాలు పనిచేయాలి, ఉన్న మనుషులకు వాటిని వాడటం రావాలి. అంతే.

ఎవరు పరీక్షిస్తారు?

ఒక ఓడ యజమాని గ్రీసు దేశంవాడు కావచ్చు. ఓడను పనామాలో నమోదు చేయించి ఉండవచ్చు. నావికులు భారతీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు కావచ్చు. అది విశాఖపట్నంలో ముడి ఇనుము ఎత్తుకుంటూ ఉండవచ్చు. ఇలాంటి ఓడకు జవాబుదారీ ఎవరు? మొదటి బాధ్యత ఏ దేశపు జెండా ఎగురుతున్నదో ఆ దేశానిదే. కాని ఆ దేశం ఎక్కడో వేల మైళ్ల దూరాన ఉంటుంది. అందువల్ల ఓడ వచ్చి ఆగిన రేవు ఏ దేశానిదో ఆ దేశం కూడా తనిఖీ చేయవచ్చునని అంతర్జాతీయ ఒప్పందాలు చెబుతున్నాయి.

1978 మార్చిలో అమోకో కాడిజ్ అనే పెద్ద చమురు ఓడ ఫ్రాన్సు తీరాన రాళ్లకు తగిలి విరిగిపోయింది. రెండు లక్షల టన్నులకు పైగా చమురు సముద్రం పాలైంది. ఆ దెబ్బతో ఐరోపా దేశాలు మేలుకొని 1982లో పారిస్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఓడల తనిఖీలో ఒకరికొకరు సహకరించాలనీ, ఒక రేవులో బయటపడిన లోపం మిగతా రేవులకూ తెలియాలనీ దాని సారాంశం. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల మధ్య ఇలాంటి ఒప్పందమే 1998లో కుదిరి, 1999లో అమలులోకి వచ్చింది. దాని కార్యాలయం మన దేశంలోనే, గోవాలో ఉంది.

ఓడ పక్కన గీసిన గీత

అధికారి నిచ్చెన ఎక్కకముందే ఒక పరీక్ష మొదలవుతుంది. ఓడ పక్క భాగాన, నడిమధ్యగా, ఒక వలయమూ దాని గుండా అడ్డంగా ఒక గీతా కనిపిస్తాయి. పక్కనే నిచ్చెన మెట్లలాగా మరికొన్ని చిన్న గీతలుంటాయి. బరువెత్తినప్పుడు ఓడ ఎంతవరకు మునగవచ్చో ఇవి చెబుతాయి. వీటినే ప్లిమ్సాల్ గీతలంటారు.

శామ్యూల్ ప్లిమ్సాల్ బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు. ఆ కాలంలో కొందరు యజమానులు పాత ఓడల్లో మితిమీరి సరుకు నింపి సముద్రం మీదికి పంపేవారు. ఓడ మునిగితే వారికి బీమా డబ్బు వచ్చేది. నావికుడి ఇంటికి చావు కబురు వచ్చేది. ప్లిమ్సాల్ పోరాటం వల్ల 1876లో చట్టం వచ్చింది. ప్రతి ఓడకూ గీత గీయాలన్నది చట్టం. కాని గీత ఎక్కడ గీయాలో చెప్పలేదు! అది యజమాని ఇష్టమే అయింది. గీత స్థానాన్ని కూడా చట్టమే నిర్ణయించడానికి 1890 దాకా పట్టింది. కొలత లేని గీత వట్టి రంగే గదా!

మరి గీతలు అన్ని ఎందుకు? ఆర్కిమెడీస్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగిస్తుంది. ఒక ఘనపు మీటరు మంచినీటి బరువు 1000 కిలోగ్రాములు. సముద్రపు నీరైతే సుమారు 1025 కిలోగ్రాములు. పెట్టె ఆకారంలో, 100 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న నావ సముద్రంలో 8 మీటర్ల లోతు మునిగి ఉన్నదనుకోండి. అది తొలగించిన నీరు 16,000 ఘనపు మీటర్లు. ఆ నీటి బరువు 16,400 టన్నులు, నావ బరువూ అంతే. ఇదే నావ నదిలోకి వస్తే 16,400 ఘనపు మీటర్ల మంచినీటిని తొలగించాలి. అంటే 8.2 మీటర్లు మునగాలి. ఒక్క కిలో కూడా అదనంగా ఎక్కించకపోయినా నావ 20 సెంటీమీటర్లు దిగిపోయింది! అందుకే మంచినీటికి ఒక గీత, ఉప్పునీటికి ఒక గీత. తుఫానులు ఎక్కువగా ఉండే శీతకాలపు సముద్రాలకు మరొక గీత, అది మరింత కిందుగా ఉంటుంది. ఏ గీత దాకా మునగవచ్చో ఓడ తిరిగే ప్రాంతమూ, కాలమూ నిర్ణయిస్తాయి.

పడవలుంటే చాలదు

1912 ఏప్రిల్ 15న టైటానిక్ మునిగినప్పుడు అందులో సుమారు 2,200 మంది ఉన్నారు. ప్రాణరక్షణ పడవలు 20. వాటిలో చోటు 1,178 మందికి మాత్రమే. ఇది చాలామందికి తెలిసిన విషయం. అంతగా తెలియని విషయం మరొకటి ఉంది. బతికినవారు సుమారు 700 మందే! అంటే ఉన్న చోటు కూడా నిండలేదు. 40 మంది పట్టే ఒక పడవ 12 మందితోనే దిగిపోయింది. పడవలు తక్కువ కావడం ఒక లోపం. వాటిని ఎలా నింపాలో, ఎలా దించాలో సాధన లేకపోవడం మరొక లోపం.

ఈ ప్రమాదం తరువాత 1914లో సముద్రంపై ప్రాణరక్షణకు మొదటి అంతర్జాతీయ ఒప్పందం తయారైంది. ఇప్పుడు అమలులో ఉన్నది 1974 నాటి ఒప్పందం. దానికి ఎన్నో సవరణలు జరిగాయి, జరుగుతున్నాయి. దాని ప్రకారం ప్రతి నావికుడూ నెలకు ఒకసారైనా ఓడను వదలిపెట్టే సాధనలోనూ, అగ్నిప్రమాద సాధనలోనూ పాల్గొనాలి. ఏడు చిన్న కూతలు, ఆపైన ఒక పొడుగు కూత వినిపిస్తే ఎవరి స్థానానికి వారు పరుగెత్తాలి. ఎవరి స్థానం ఎక్కడో తెలిపే పట్టిక గోడకు వేలాడుతూ ఉంటుంది.

అధికారి పట్టికను చదివి తల ఊపి వెళ్లిపోడు. ఎదురుపడిన వంటవాణ్ణి పిలిచి, "నిప్పంటుకుంటే నువ్వెక్కడికి వెళతావు? ఏం చేస్తావు?" అని అడుగుతాడు. వంటవాడు తడబడితే పట్టిక ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

ఆగి, నడిపి చూపండి!

తరువాత యంత్రాల పరీక్ష. కొన్నిటిని గడియారం పట్టుకొని చూస్తారు. ఓడలో కరెంటు పోతే అత్యవసర జనరేటరు తనంతట తానే 45 సెకన్లలోగా అందుకోవాలి. ఓడ ముందుకు పోతుండగా చుక్కాని ఒక పక్క 35 డిగ్రీల నుంచి రెండో పక్క 30 డిగ్రీలకు 28 సెకన్లలో తిరగగలగాలి. ప్రాణరక్షణ పడవ ఇంజను అక్కడికక్కడే అంటుకోవాలి. అత్యవసర పంపును నడిపితే రెండు గొట్టాల నుంచి నీటిధారలు బలంగా చిమ్మాలి. ఈ పంపును ఇంజను గది బయట ఎందుకు పెడతారు? ఇంజను గదికే నిప్పంటుకుంటే లోపలున్న పంపు ఎవరికి పనికివస్తుంది?

మంటకు మూడు కావాలని మీరు చదువుకున్నారు: ఇంధనం, వేడి, ఆక్సిజన్. ఇంజను గదిలోకి గాలి పోయే దారులకు ఇనుప మూతలుంటాయి. వాటిని మూస్తే మంటకు ఆక్సిజన్ అందదు. అధికారి వచ్చే ముందు హడావుడిగా ఓడకంతా రంగు పూశారనుకోండి. ఆ రంగు మూతల కీళ్లలోకి దిగి గట్టిపడితే మూత కదలదు. చూడటానికి కొత్త ఓడ, లోపల మాత్రం ఊపిరి బిగబట్టలేని ఓడ! అందుకే తెలిసిన అధికారి రంగును చూడడు. మూతను కదిపి చూస్తాడు. తెలిసిన సరంగు కూడా రంగు డబ్బా కంటే ముందు గ్రీజు డబ్బా పట్టుకుంటాడు.

ఒక చిన్న ముడి కథ

ఓడ మీద పీపాల్లాంటి తెల్లని డబ్బాలుంటాయి. వాటిలో గాలి నింపుకొనే రబ్బరు తెప్పలు మడిచి ఉంటాయి. ఓడ ఒక్కసారిగా మునిగిపోతే వాటిని విప్పే తీరిక ఎవరికుంటుంది? ఆ పని నీటి చేతే చేయిస్తారు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ పీడనం సుమారు ఒక వాతావరణం చొప్పున పెరుగుతుందని మీకు తెలుసు. 4 మీటర్ల లోతు లోపే, అంటే అదనపు పీడనం 0.4 వాతావరణం చేరేలోగానే, ఒక చిన్న పరికరంలోని పొర నొక్కుకొని కత్తిని వదులుతుంది. కత్తి కట్టును తెంపుతుంది. డబ్బా పైకి తేలుతుంది. ఓడ కిందికి పోతుంటే డబ్బాలోని తాడు బిగుసుకొని గ్యాసు సీసాను తెరుస్తుంది. తెప్ప ఉబ్బుతుంది. ఆ తాడు చివర కావాలనే బలహీనంగా చేసిన ఒక తునక ఉంటుంది. అది పుటుక్కున తెగిపోయి తెప్ప ఓడ నుంచి విడిపోతుంది.

ఎవరో ఒకరు, "గట్టిగా ఉంటుంది గదా" అని, తాడును ఆ తునకకు కాకుండా ఓడ ఇనుప కొక్కేనికే కట్టారనుకోండి. ఏమవుతుంది? తెప్ప ఉబ్బుతుంది, కాని ఓడ దాన్ని తనతోపాటు లాక్కుపోవచ్చు. ఒక్క ముడి తప్పితే అందరి ప్రాణాల మీదికి వస్తుంది. తనిఖీలో ఇలాంటి ముళ్లను వేలితో తాకి మరీ చూస్తారు.

కంటికి కనపడని శత్రువు

మూసి ఉంచిన ఇనుప గదులు, లంగరు గొలుసు ఉండే అర, తుక్కు ఇనుము నింపిన అడుగు గది - ఇవి ఖాళీగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. కాని లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. తుప్పు పట్టడమంటే ఇనుము, తేమ, ఆక్సిజన్ కలవడమే గదా! గాలిలో 21 శాతం ఉండవలసిన ఆక్సిజన్ ఆ గదిలో ప్రాణాలు నిలపలేనంత తగ్గిపోవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. దిగిన మనిషి కూలిపోతాడు. అతన్ని కాపాడాలని రెండోవాడు దిగుతాడు, అతనూ కూలిపోతాడు. ఇలా రక్షించబోయి చనిపోయినవారు ఎందరో. మన ఊళ్లలో పాడుబడిన బావుల్లోనూ ఇలాంటి దుర్ఘటనలే జరుగుతుంటాయి. అందువల్ల ముందు గాలి ఆడించాలి, మీటరుతో ఆక్సిజన్ కొలవాలి, బయట ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ తరువాతే లోపలికి అడుగు పెట్టాలి.

దీన్ని మీరు బడిలో చేసి చూడవచ్చు. తడిపిన ఇనుప రజను పరీక్షనాళిక అడుగున అంటించి, నాళికను నీటి గిన్నెలో బోర్లించండి. కొద్దిరోజుల్లో నీరు నాళికలో సుమారు ఐదో వంతు ఎత్తుకు ఎక్కుతుంది. ఆ ఐదో వంతే తుప్పు తిన్న ఆక్సిజన్.

నిద్రకూ లెక్క ఉంది

1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ బెల్జియం రేవు నుంచి ముందు తలుపులు తెరిచి ఉండగానే బయలుదేరింది. నిమిషాల్లో నీళ్లు నిండి పక్కకు ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూయవలసిన వ్యక్తి తన గదిలో నిద్రపోతున్నాడు. మూశారో లేదో తెలుసుకొనే దీపం కూడా కెప్టెను దగ్గర లేదు. తప్పు ఒక్కడిది కాదు, పద్ధతిదే అని విచారణలో తేలింది. అందుకే కంపెనీ కార్యాలయం నుంచి కళాసీ వరకు ఎవరి బాధ్యత ఏమిటో రాసి ఉంచాలనే నియమావళి 1998 నుంచి ఓడలకు తప్పనిసరి అయింది.

నావికులకు 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలి. అధికారి ఆ లెక్కల పుస్తకాన్ని ఇతర పుస్తకాలతో పోల్చి చూస్తాడు. ఓడ రేవులోకి వస్తున్న వేళ, అందరూ తాళ్ల దగ్గర నిలబడి ఉండవలసిన సమయంలో, ఒక నావికుడు హాయిగా నిద్రపోయినట్టు రాసి ఉంటే అది దొంగలెక్కే!

ప్రాణాపాయం కలిగించే లోపాలు దొరికితే, వాటిని సరిచేసేదాకా ఓడను రేవులోనే నిలిపివేస్తారు. నిలిచిన ప్రతిరోజూ యజమానికి పెద్ద నష్టం. చిన్న లోపాలైతే సరిచేయడానికి గడువిస్తారు. మంచి కెప్టెను లోపాన్ని దాచడు. "ఇది పాడైంది, విడిభాగం కోసం కబురు పంపాం, అంతవరకు ఈ ఏర్పాటు చేశాం" అని తానే చూపిస్తాడు. అధికారి కళ్లుగప్పడం సాధ్యం కావచ్చు. తుఫాను కళ్లు కప్పడం సాధ్యం కాదు సుమా!

మీలో కొందరు రేపు నావికులూ, ఓడ ఇంజనీర్లూ కావచ్చు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ శాఖ ఒకటి విశాఖపట్నంలోనే ఉంది. ఆలోగా ఈ ప్రశ్నలకు జవాబులు వెతకండి.

1. పెట్టె ఆకారపు నావ పొడవు 80 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. సముద్రంలో 6 మీటర్లు మునిగింది. మంచినీటిలోకి వస్తే ఇంకెంత మునుగుతుంది? (జవాబు: 15 సెంటీమీటర్లు.)

2. సరుకుల ఓడకు రెండు పక్కలా పడవలుంటే, ఒక్కొక్క పక్క పడవలోనే అందరికీ చోటుండాలంటారు. ఎందుకు? ఓడ ఒక పక్కకు ఒరిగితే ఏమవుతుందో ఊహించండి.

3. మీ బడిలో మంటలార్పే ఇసుక బకెట్టు ఉందా? అందులో ఇసుక ఉందా, చిత్తు కాగితాలున్నాయా? రేపే వెళ్లి చూడండి. ముందుగా ఎవరికీ చెప్పకండి!