నాలుగు నౌకలు, ఒక రాత్రి

యాద్గారె మిల్లత్, ముఆవనతె మిల్లియా, నమూనయె హమియ్యత్, గైరతె వతనియా. ఉర్దూ చదువుకున్న మన విద్యార్థులకు ఈ మాటల అర్థం తెలియడానికి నిఘంటువు అక్కరలేదు. ఇవి ఆటోమన్ నౌకాదళంలోని నాలుగు విధ్వంసక నౌకల పేర్లని చెబితే మాత్రం ఆశ్చర్యపడతారు. తుర్కులు వీటిని తమ యాసలో పలికేవారు.

పేర్లు తుర్కులవైనా నౌకలు పుట్టినది జర్మనీలోని ఎల్బింగ్‌లో. షిషావ్ సంస్థ జర్మన్ నౌకాదళం కోసం నిర్మించిన వీటిని 1910లో ఆటోమన్ ప్రభుత్వం కొన్నది. అంతకు ముందటి యేడు ఇస్తాంబుల్‌లో నౌకాదళం నిమిత్తం ప్రజల నుండి చందాలు వసూలు చేయుటకు ఒక సంఘం ఏర్పడినది. ఈ కొనుగోలుకు ఆ సొమ్ము తోడ్పడినది. ‘ముఆవనతె మిల్లియా’, అనగా జాతీయ సహాయం, ఆ సంఘం పేరులోని మాటే.

ఒక్కొక్కటి సుమారు 74 మీటర్ల పొడవు. ముప్పై నాట్లకు మించిన వేగం, మూడు టార్పెడో గొట్టాలు. టార్పెడో నీటిలో తనంతట తాను పరుగెత్తి నౌక అడుగుభాగాన పేలుతుంది. అందువలననే చిన్న నౌకకు పెద్ద నౌక భయపడవలసి వచ్చినది.

1915 మే 13 అర్ధరాత్రి దాటిన తరువాత అదే జరిగినది. డార్డనెల్స్ ముఖద్వారాన మోర్టో అఖాతంలో దాదాపు 13,000 టన్నుల బ్రిటిష్ యుద్ధనౌక గోలియత్ లంగరు వేసి ఉన్నది. అహ్మద్ సఫ్వత్ నాయకత్వాన ముఆవనత్ పొగమంచు చాటున, కావలి నౌకల కంట పడకుండా ఒడ్డు వెంబడి సాగినది. టార్పెడోల బాధ్యత జర్మన్ అధికారి ఫిర్లేది. గోలియత్ దీపంతో గుర్తింపు అడిగినది. ఏదో జవాబిచ్చి కాలయాపన చేసి, మూడు టార్పెడోలు వదిలారు. మూడూ తగిలినవి. కొద్ది నిమిషాలలో నౌక మునిగిపోయి, కెప్టెన్ షెల్ఫర్డ్‌తో సహా 570 మంది మరణించారు. ఈ కథను ఉత్సాహంగా వినే కుర్రవాళ్లకు నేను ఆ సంఖ్య చెప్పి కాసేపు ఆగుతాను.

ఆ ఒక్క రాత్రి తప్ప ఈ నౌకల యుద్ధ జీవితంలో చాలా భాగం బొగ్గు ఓడలకు కాపలా కాయడంతో గడిచినది. గైరత్ 1916 అక్టోబరులో బాల్చిక్ వద్ద మెరక తగిలి నాశనమైనది. 1917 జూలైలో, మరొక పెద్ద యుద్ధనౌకపై గురిపెట్టిన బ్రిటిష్ విమానపు బాంబు యాద్గార్‌ను ముంచినది. మిగిలిన రెండూ, గోలియత్‌ను ముంచిన ముఆవనత్‌తో సహా, 1953లో తుక్కు క్రింద విరగగొట్టబడినవి.