భుజం జారినా ఆట చేజారదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీర్కూర్, బాన్సువాడ చుట్టుపక్కల ఆటగాళ్ల ఇళ్ల నుంచే. అడిగిన తీరు వేరైనా అందరి భయమూ ఒకటే: దెబ్బ తగిలింది కదా, ఇక ఆట అయిపోయినట్టేనా? వాటిలో నాలుగు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు పదిహేడేళ్లు. కబడ్డీలో రైడర్‌ని పట్టబోయి కుడి భుజం జారింది. ఊళ్లోనే ఒకాయన లాగి కూర్చోబెట్టాడు. నెల తిరగకముందే, దండెం మీది తువ్వాలు అందుకోబోతే మళ్లీ జారింది. ఆట మాన్పించమంటారా?
– ఒక తల్లి, బీర్కూర్

జవాబు: అమ్మా, ముందు బాబు భుజంలో ఏం జరిగిందో చెబుతాను. భుజం కీలు అంటే లోతులేని చిన్న పళ్లెంలో పెద్ద గోళీ పెట్టినట్టు ఉంటుంది. గోళీ దొర్లిపోకుండా పళ్లెం అంచు చుట్టూ రబ్బరు వాషర్‌లాంటి మెత్తటి కట్ట ఉంటుంది. మొదటిసారి భుజం జారినప్పుడే ఆ అంచు చిరుగుతుంది. ఇరవై ఏళ్ల లోపు పిల్లల్లో ఇలా జారిన భుజం మళ్లీ మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. అందుకే తువ్వాలు అందుకున్నా జారింది.

ఇకమీదట ఎవరితోనూ లాగించకండి. లోపల ఎముక విరిగి ఉంటే లాగడంతో అది ఇంకా పక్కకు పోతుంది, నరం దెబ్బతింటుంది. భుజం బయటివైపు తిమ్మిరిగా ఉందేమో బాబును ఇప్పుడే అడగండి. ఎముకల డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ తీయించండి. రెండుసార్లు జారింది, ఆడేది ఒంటిమీద పడే ఆట కాబట్టి ఆపరేషన్ మాట రావచ్చు. దానికి బెదరకండి.

మన నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజానికి ఇలాంటి గాయమే అయింది. ఆపరేషన్ చేయించుకుని దాదాపు ఏడాది రింగ్‌కు దూరంగా ఉంది. పిడికిలే ఆయుధమైన అమ్మాయికి భుజం పోతే ఏం మిగులుతుందని ఎంతమంది అనుకుని ఉంటారో! ఆమె 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచింది. ఆ రెండు స్వర్ణాల కింద, ఎవరూ చప్పట్లు కొట్టని ఆ ఏడాది ఉంది.

మీ బాబుకు ఆపరేషన్ జరిగితే మొదటి కొన్ని వారాలు చెయ్యి స్లింగ్‌లోనే ఉంటుంది. తర్వాత ముందుకు వంగి చేతిని గడియారం లోలకంలా ఊపడం నేర్పుతారు. ఆ తర్వాత గోడ పక్కన నిలబడి, మోచేతిని ఒంటికి ఆనించి మడిచి, ముంజేతి వెనుక భాగంతో గోడను పది సెకన్లు నొక్కాలి. చెయ్యి కదలదు, లోపలి కండరం మాత్రం పనిచేస్తుంది. చూసేవాళ్లకు ఇదేం వ్యాయామం అనిపిస్తుంది కానీ, కీలును పట్టి ఉంచేది ఆ చిన్న కండరాలే. ప్రతి మెట్టూ ఫిజియోథెరపిస్ట్ చెప్పాకే ఎక్కాలి. మళ్లీ పట్టు పట్టడానికి ఆరు నెలలు పడుతుందని ముందే మనసులో పెట్టుకోండి. ఆట మాన్పించక్కర్లేదు, తొందర మాన్పించండి.

ప్రశ్న: నా వయసు ఇరవై రెండు. ఆడుతుండగా మోకాలు మెలిపడి ‘టక్’మని శబ్దం వచ్చింది. సాయంత్రానికి బాగా వాచింది. పసరు కట్టు కట్టించుకున్నాను. వాపు తగ్గింది, నడుస్తున్నాను. కానీ గబుక్కున తిరిగితే మోకాలు తప్పుతోంది. స్కానింగ్‌లో ఏసీఎల్ తెగిందన్నారు. ఆరు నెలల్లో ఆడగలనా?
– ఒక కబడ్డీ ఆటగాడు, బాన్సువాడ

జవాబు: వాపు తగ్గడం వేరు, తెగిన లిగమెంట్ అతుక్కోవడం వేరు తమ్ముడూ. ఏసీఎల్ అంటే మోకాలి లోపలి లిగమెంట్. పూర్తిగా తెగితే అది కట్టుతో అతకదు. బిగుతుగా కట్టిన కట్టు కింద రక్తం ఆడక కాలికే ముప్పు వచ్చిన వాళ్లూ ఉన్నారు. మలుపులు తిరిగే ఆట కొనసాగించాలంటే సాధారణంగా ఆపరేషన్ అవసరమవుతుంది. ఒంట్లోంచే ఒక స్నాయువు తీసి లిగమెంట్ స్థానంలో వేస్తారు.

ఆరు నెలలు చాలవు. కనీసం తొమ్మిది నెలలు పడుతుంది. వేసిన స్నాయువు తొలి నెలల్లో బలపడకపోగా కాస్త బలహీనపడుతుంది. కొత్త రక్తనాళాలు పాకి, అది లిగమెంట్‌గా మారడానికి కాలం పడుతుంది. నొప్పి మాత్రం అంతకంటే చాలా ముందే పోతుంది. మోసపోయేది అక్కడే. తొమ్మిదో నెల దాకా ఆగిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే ముప్పు సుమారు సగం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

నెలలు లెక్కపెడితే సరిపోదు, కాలినీ అడగాలి. తొడ కండరం బలం, ఒంటికాలి గెంతు దూరం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతానికి రావాలి. ఇవాళే మొదలుపెట్టదగ్గది ఒకటుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కుతూ తొడను ఐదు సెకన్లు బిగించండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నొప్పి లేదా వాపు పెరిగితే ఆపి డాక్టర్‌కు చెప్పండి.

పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణె జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంట్ తెగింది. ఒకటికి మించి ఆపరేషన్లయ్యాయి. అదే మోకాలితో 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. మరో బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ రియో ఒలింపిక్స్ తర్వాత 2016 ఆగస్టులో మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, 2017 జనవరిలోనే మలేసియా మాస్టర్స్ గెలిచింది. ఆమె గాయం వేరు, నీది వేరు. ఆమె గడువు నీకు కొలత కాదు. అదే సైనా 2024లో తన మోకాలి గుజ్జు అరిగిపోయిందని, ఆర్థరైటిస్ ఉందని చెప్పింది. మోకాలు ఆటకు మాత్రమే కాదు, జీవితమంతా నడవడానికీ కావాలి. అందుకే ఆ మూడు నెలలు ఎక్కువనుకోవద్దు.

ప్రశ్న: కానిస్టేబుల్ పరుగు కోసం తెల్లవారుజామున సీసీ రోడ్డు మీద ప్రాక్టీస్ చేస్తున్నాను. మోకాలి కింద ముందు ఎముకలో ఒకేచోట నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేశాను. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు.
– ఒక విద్యార్థిని, బీర్కూర్ మండలం

జవాబు: అమ్మా, నొప్పి, తిండి, నెలసరి – మూడూ కలిపి రాసి మంచి పని చేశావు. ఈ మూడూ ఒకే కథ. పరుగుకు సరిపడా తిండి లేకపోతే శరీరం ముందు నెలసరిని ఆపుతుంది, తర్వాత ఎముకను బలహీనపరుస్తుంది. వేలితో నొక్కితే ఒక్క బిందువు దగ్గరే చురుక్కుమంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. అంటే సన్నని పగులు. తొలి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది.

పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచింది, ఎడమ కాలి నొప్పితోనే. తర్వాత అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఆ నెలలోనే ఉన్న ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుంది. మళ్లీ కోర్టులో దిగింది 2023 జనవరిలో. స్వర్ణం గెలిచిన అమ్మాయే ఐదు నెలలు ఆగిందంటే, నువ్వు ఆగడంలో చిన్నతనం ఏముంది?

పరుగు ఇవాళే ఆపు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతి కావాలి. నడిచినప్పుడు నొప్పి లేకపోతే డాక్టర్ అనుమతితో సైకిల్ తొక్కవచ్చు. రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టు, పప్పు, గుడ్డు, పెరుగు చేర్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించుకుని, నెలసరి గురించి గైనకాలజిస్ట్‌ను కలువు. తిరిగి పరుగెత్తేటప్పుడు సీసీ రోడ్డు వదిలి బడి గ్రౌండ్ మట్టి మీద, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టు.

ప్రశ్న: రేపే మండల ఫైనల్. మా జట్టులో మంచి రైడర్‌కు ఇవాళ చీలమండ మడతపడింది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇప్పించి ఆడించవచ్చా?
– ఒక జట్టు కెప్టెన్

జవాబు: వద్దు. నొప్పి తెలియకపోతే అతను దెబ్బతిన్న కాలిమీదే పూర్తి బరువు వేస్తాడు, సగం చిరిగిన లిగమెంట్ పూర్తిగా చిరుగుతుంది. పైగా ఆ ఇంజెక్షన్ స్టెరాయిడ్ అయితే, పోటీ సమయంలో డోపింగ్ నిబంధనల ప్రకారం అది నిషిద్ధం. పెద్ద స్థాయికి వెళ్లాలనుకునే ఆటగాడు తన ఒంట్లోకి వెళ్లే ప్రతి మందుకూ తానే బాధ్యుడు.

నిజామాబాద్ బాక్సర్ మహమ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సెమీఫైనల్ దాకా వచ్చాడు. మోకాలి గాయంతో ఆ బౌట్‌కు దిగకుండా తప్పుకుని, కాంస్యంతో వచ్చాడు. ప్రపంచ సెమీఫైనలే వదులుకోవచ్చంటే, మండల ఫైనల్ వదులుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు పెట్టి తీయండి, రెండు గంటలకోసారి మళ్లీ పెట్టండి. వేళ్ల దగ్గర నుంచి పైకి క్రేప్ బ్యాండేజీ కట్టి, పడుకున్నప్పుడు కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి. రెండు రోజులపాటు వేడి కాపడం, నూనె మర్దన వద్దు. ఆసరా లేకుండా నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ పక్క గుబ్బ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే.

రేపు అతన్ని గీత బయట, మీ పక్కనే కూర్చోబెట్టండి, ఇంటికి పంపేయకండి. నొప్పి తగ్గాక గోడ పట్టుకుని ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబడటం, తర్వాత చెయ్యి వదిలి నిలబడటం మొదలుపెడతాడు. కుంటకుండా ఆ కాలిమీద పది గెంతులు వేసిన రోజు మళ్లీ కూతకు పంపండి. అప్పటిదాకా అతను ఆటకు దూరమైనట్టు కాదు. గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడ్డవాడు ప్రాక్టీసులోనే ఉన్నాడు.