గోబర్ గ్యాసు పొయ్యి – ఇల్లాలికి మిగిలే గంట



సంఘాల తనిఖీకి వెళ్లి పాలు ఎందుకు తగ్గాయని అడిగితే మేత గురించి, దాణా గురించి, వ్యాధుల గురించి చెబుతారు. పాలు పితికే ఇల్లాలికి తీరిక ఉందా అని ఎవరూ ఆలోచించరు. తెల్లవారకముందే లేచి కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, పాలు పితికి కేంద్రానికి పంపి, ఆపైన పిడకలు కొట్టి, పుల్లలు ఏరి, పొగలో వంట చేసే మనిషికి గేదెను గమనించే సమయం ఎక్కడిది?

గేదెలలో ఎద లక్షణాలు ఆవులలో వలె స్పష్టంగా కనిపించవు. చాలావరకు రాత్రివేళ, తెల్లవారుజామున బయటపడతాయి. తీగలు సాగే జిగురును ఆ వేళ చూడకపోతే మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి. వట్టిపోయిన గేదెకు అన్ని రోజుల మేత దండుగ. కనుక ఇల్లాలికి మిగిలే గంట పాడికి లాభమే.

2016లో ఉజ్వల పథకం మొదలైన తరువాత చాలా ఇళ్లకు సిలిండరు వచ్చింది. అయినా కుడితి కాచడానికి, స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి మండుతూనే ఉన్నది. పశువులున్న ఇంటికి గోబర్ గ్యాసు తగిన సాధనం. అయితే అది పని తగ్గించేలా కట్టుకోవాలి.

కొన్నేళ్ల క్రితం ఒక ఊరిలో యజమాని నలుగురికీ కనబడాలని ప్లాంటును వీధివైపు కట్టించాడు. కొట్టం, బోరింగు పెరటిలో ఉన్నవి. పేడ తట్టలు, నీళ్ల బిందెలు ఇల్లు చుట్టి మోయవలసింది ఇల్లాలే. నేను "ప్లాంటు ఉన్నది" అని వ్రాసుకొని వచ్చాను. మరుసటి ఏడు వెళ్లేసరికి తొట్టి ఎండి ఉన్నది. "అయ్యా, పిడకలకు ఇన్ని నీళ్లు మోయనక్కరలేదు గదా" అన్నది ఆమె. ఎక్కడ కట్టాలో ముందుగా ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

కనుక ఈ విషయాలు గుర్తుంచుకోండి:

1. పేడ లెక్క: 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలి. కట్టి మేపే పెద్ద గేదె సుమారు 15 కిలోలు వేస్తుంది. బయట మేసే పశువుల పేడ సగం పొలంలోనే పోతుంది. దొరికే పేడకు మించిన ప్లాంటు కట్టవద్దు.

2. స్థలం: కొట్టానికి, నీటికి, వంటింటికి దగ్గరగా, ఎండ తగిలేచోట ఉండాలి. తాగునీటి బావికి దూరంగా ఉండాలి.

3. కలపడం: పేడ ఎంతో నీరు అంత. గడ్డి, రాళ్లు ఏరివేయాలి. ఈ పని ఇంటి మగవారు చేస్తేనే ఇల్లాలికి సమయం మిగులుతుంది.

4. మొదటి గ్యాసు: అందులో గాలి కలిసి ఉంటుంది, వెలిగిస్తే ప్రమాదం. కట్టిన మేస్త్రీ సమక్షంలో బయటికి వదిలివేయాలి.

5. ఎరువు: పిడక మండితే నత్రజని పొగలో పోతుంది. ప్లాంటు నుండి వచ్చే స్లర్రీలో అది నిలిచి ఉంటుంది. గుంటలో నిలువచేసి పొలానికి తోలుకోవచ్చు.

పాలకవర్గం వారికి ఒక మనవి. ప్లాంటు దరఖాస్తులు తీసుకునే ముందు, సభ్యత్వం భర్త పేరున ఉన్నా సరే, పాలు పితికే వారిని సమావేశానికి పిలవండి. ఎక్కడ కట్టాలో, నీళ్లు ఎవరు మోస్తారో వారి ఎదుటే తేల్చండి. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు నేను ముందుగా చూసేది కలిపే తొట్టి తడిగా ఉన్నదా అనే.