పెట్టుబడి తర్వాత, ముందు పెట్టె తెరవండి
(ఇల్లు – వాకిలి: సందేహాలు, సమాధానాలు)

ఈసారి ఉత్తరాలన్నీ గోడల గురించే. మండపేట నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాటిలో అయిదింటికి జవాబులివి.

? కొత్త ఇల్లు కట్టుకున్నాం. ఉన్నదంతా సిమెంటుకీ ఇనుముకీ అయిపోయింది. హాల్లో పన్నెండడుగుల గోడ బోసిగా ఉంది. రెండు మూడు వేలల్లో ఏం చెయ్యొచ్చు?
– గృహిణి, మండపేట

పది చిన్న బొమ్మలు కొనకండి. పెద్ద గోడ మీద చిన్న బొమ్మ పెడితే బోసితనం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒక్కటే పెట్టండి, పెద్దది పెట్టండి. అంత పెద్దది చవకగా కావాలంటే బట్టే. బీరువాలో మడతల దగ్గర చిరుగుతున్న పట్టుచీర ఉంటుంది చూడండి. చీర పోయినా పైటకొంగు చాలాసార్లు బాగానే ఉంటుంది. గజం పొడవున కోసి, ప్లైవుడ్ పలక మీద బిగించి, చుట్టూ సన్న చెక్క పట్టీ వేయించండి. ఉప్పాడ జాందానీ అయితే మరీ మంచిది. బుటా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కనుక వెలిసిన వైపు లోపలికి తిప్పెయ్యొచ్చు.

పటాలు కట్టే షాపులో అద్దం వేయిస్తే, అది బట్టకు తగలకుండా మధ్యలో అట్ట పట్టీ పెట్టమనండి. మన తేమకు అద్దాన్ని అంటుకున్న బట్ట బూజు పడుతుంది.

చీర కొయ్యడానికి మనసొప్పకపోతే ద్వారపూడి బట్టల కొట్లు దగ్గరే కదా. తానుల్లో మిగిలిన కలంకారీ ముక్క అడగండి. పెడన కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది. అచ్చుకీ అచ్చుకీ మధ్య రంగు కాస్త అటూఇటూ అయితే అది చేతిపనే. ప్రతి పువ్వూ అచ్చుగుద్దినట్టుంటే స్క్రీన్ ప్రింటేమో అనుమానించండి, ధర తగ్గించమనండి.

? గోడలకు కింద రెండడుగుల మేర తెల్లటి పొడి పొంగి, రంగు పెచ్చులూడుతోంది. వాల్‌పేపర్ అతికిస్తే కనబడదంటున్నారు. నిజమేనా?
– విశ్రాంత ఉద్యోగి, కపిలేశ్వరపురం

కనబడదు, నిజమే. కానీ పోదు. కాలవల కింది ఊళ్ళలో నీళ్ళు నేలకు దగ్గరగా ఉంటాయి. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక ఆ చెమ్మను పైకి పీలుస్తుంది. చెమ్మ గాలికి ఆరిపోతుంది, దాంతో వచ్చిన ఉప్పు గోడ మీద మిగిలిపోతుంది. ఆ పొడి అదే. పైన వాల్‌పేపర్ వేస్తే చెమ్మ ఆరే దారి మూసినట్టే. ఏడాది తిరక్కుండా కాగితం ఉబ్బుతుంది.

అడుగు పొడవూ వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అతికించి రెండు రోజులుంచండి. లోపలి వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తోందని అర్థం. బయటి వైపు పడితే గదిలో గాలి ఆడడం లేదు. మొదటిదైతే స్నానాలగది పైపులూ, గోడను ఆనుకున్న మురుగుకాలవా ముందు చూపించండి. పొడిని పొడి బ్రష్‌తోనే దులపాలి, కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికి పోతుంది. గోడ పూర్తిగా ఆరేదాకా అలంకారం మాట వద్దు.

? అద్దె ఇల్లు. మేకు కొడితే ఇంటాయన ఊరుకోడు. బొమ్మలంటే మాకిద్దరికీ ప్రాణం.
– కొత్త దంపతులు, మండపేట

ఇంటాయన కొట్టించిన మేకులు ఎక్కడున్నాయో ముందు లెక్కపెట్టుకోండి. గడియారాన్ని అల్మరాలో పెడితే ఒక మేకు మీదే. పటాలను వేలాడదీయక్కర్లేదు, షెల్ఫు మీదో టీవీ బల్ల మీదో గోడకు ఆనించి నిలబెట్టండి. అంటించే కొక్కేలు టైల్సుకీ నున్నటి చెక్క తలుపుకీ ఆగుతాయి. డిస్టెంపర్ గోడకు వద్దు, రంగుతో సహా ఊడొస్తాయి.

ఇక బొమ్మలంటారా, పాత చందమామలు దొరికితే వడ్డాది పాపయ్య ముఖచిత్రాలను రంగుల కాపీ తీయించి పటం కట్టించండి. అసలు పుస్తకం చింపకండి. ఒక ఆదివారం రాజమహేంద్రవరం వెళ్ళి దామెర్ల రామారావు చిత్రాలు చూసి రండి. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే పోయిన మనిషి ఏం గీశాడో చూశాక, షాపుల్లో మెరిసే జలపాతం పోస్టరు కొనబుద్ధి కాదు.

? హాలు నిండా అత్తగారు పెట్టిన పాత ఫోటోలే. తీసేద్దామంటే ఆవిడ బాధపడుతున్నారు.
– ఓ కోడలు, రామచంద్రపురం

తీసెయ్యకండమ్మా, ఒకచోటికి చేర్చండి. అవి చిందరవందరగా కనబడేది పాతవైనందుకు కాదు, ఒక్కో ఫ్రేము ఒక్కో తీరున ఉన్నందుకు. అన్నిటినీ స్కాన్ చేయించి, ఒకే కొలతలో నలుపు తెలుపు కాపీలు తీయించి, ఒకే రకం సన్న ఫ్రేములు వేయించండి. హాల్లోంచి వంటింటికి వెళ్ళే దారి గోడ వాటికి బాగుంటుంది. అసలు ఫోటోలను వెలుతురు తగలకుండా ఆల్బమ్‌లో దాచండి. దండ వేసిన పెద్దల పటాలు మాత్రం ఆవిడ ఎక్కడ ఉంచమంటే అక్కడే ఉండనివ్వండి.

ఆ పని చేసేటప్పుడు అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరెవరో అడిగి ప్రతి ఫోటో వెనక పెన్సిల్‌తో రాయండి. ఆ పేర్లు ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

? పటం ఎంత ఎత్తులో పెట్టాలి? గోడ ఖాళీగా వదిలేస్తే తప్పా?
– ఉపాధ్యాయుడు, రాయవరం

పటం మధ్యభాగం నేలకు సుమారు అయిదడుగుల ఎత్తున ఉండాలి. మనవాళ్ళు చాలామంది గుమ్మం పైన పెట్టి మెడ నొప్పి తెచ్చుకుంటారు. సోఫా పైన అయితే ఆరేడు అంగుళాల ఖాళీ వదలండి, పటం వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులుంటే చాలు. మేకు కొట్టేముందు అదే కొలతకు పాత పేపరు కత్తిరించి టేపుతో అంటించి రెండు రోజులు చూడండి. పేపరును జరపడం తేలిక, మేకు చిల్లు పూడ్చడం కష్టం.

ఖాళీ గోడ తప్పేమీ కాదు. ఇంట్లో పిల్లలుంటే ఒక గోడ అంచు వాళ్ళకు వదిలెయ్యండి. ఏటా సంక్రాంతికి నిలబెట్టి, తల ఎత్తున పెన్సిల్ గీత గీసి, సంవత్సరం వెయ్యండి. రంగులేసే మేస్త్రీకి ఆ గీతల జోలికి రావద్దని ముందే చెప్పండి.