నేలసంపెంగ దుబ్బును విడదీయుట

పెరట నాటిన నేలసంపెంగ మొదటి రెండేండ్లు వెన్ను వెంట వెన్నుగా పూచి, మూడవ యేటికో నాల్గవ యేటికో ఆకులు మాత్రమే మిగిలి పూవులు మానివేయుట అనేక గృహములలో కనవచ్చు విషయమే. నీరు పోసినను, ఎరువు వేసినను ఫలితము కనబడదు. అంతట గృహిణి విసిగి, నేలసారము పోయినదనియో, దుబ్బు గొడ్డుపోయినదనియో తలచి, దానిని పెల్లగించి గోడవతల పారవేయును. మరునాటినుండి నిత్యపూజకు పూవులు అంగడినుండి రావలసినదే. నిజమునకు ఆ పారవేసిన దుబ్బులో నాలుగిండ్ల పెరళ్ళకు చాలిన విత్తనము కలదు. అది గొడ్డుపోలేదు, సంతానము హెచ్చి, చోటు చాలక ఇరుకున పడినది.

తెలుగునాట అంగళ్ళలో వీనిని లిల్లీపూలందురు. కాని వృక్షశాస్త్రము ననుసరించి ఇది లిల్లీ కాదు, కిత్తనారకు చుట్టము. కన్నడిగులకు ఇది సుగంధరాజ, హిందీవారికి రజనీగంధ. ప్రొద్దు క్రుంకిన పిదప పరిమళము హెచ్చుట చేత ఆ పేరు తగియున్నది. దీని పుట్టినిల్లు మెక్సికో దేశము. అందుచేత ప్రాచీన గ్రంథములలోని పూజాపుష్పముల పట్టికలలో దీనిని వెదకుట వృథా. అయినను నేడు దక్షిణదేశమున దేవతామూర్తుల మాలలలో దీనికి గొప్ప చోటు కలదు. ఇంటిపూజ విషయమున ఆయా కుటుంబముల ఆచారమును, ఆలయమునకు ఇచ్చుపట్ల అర్చకుని మాటను పాటించుట ఉచితము.

దీని జీవనక్రమమును ఎరిగినచో చిక్కు తేటపడును. నాటిన గడ్డ ఒకేయొక పర్యాయము పూయును. దాని నడుమనుండి లేచిన వెన్ను పూచి వాడిన పిదప ఆ గడ్డ మరల పూయదు. కాని తన చుట్టును పిల్లగడ్డలను పెట్టును. వానిలో ఎదిగినవి తరువాత పూయును. అవియు పిల్లలను పెట్టును. కావుననే రెండవయేట ఒక్క దుబ్బునుండి అనేకమైన వెన్నులు వచ్చి ఇంటివారికి సంతోషము కలిగించును. ఆపైన గడ్డలు ఒండొంటిని ఒరసికొనుచు, నీటికిని సారమునకును పోటీపడి, ఏదియు పూతకు చాలినంత లావు కాజాలదు. అడ్డుకొలత 1.5 సెంటీమీటర్లకు తగ్గిన గడ్డనుండి మంచి వెన్నును ఆశింపరాదు. 2 నుండి 3 సెంటీమీటర్లున్నది మేలైనది. ఎరువు దండిగా వేసినంతమాత్రాన ఈ ఇరుకు తీరదు. పైపెచ్చు నత్రజని హెచ్చి ఆకులే బలియును.

విడదీయుటకు కాలము చూడవలెను. పూత ఆగి, ఆకులు పసుపువన్నెకు తిరిగి ఎండ నారంభించుట గడ్డలు నిద్రకు పోవుచున్నవనుటకు గుర్తు. మైదానప్రాంతములలో ఇది సాధారణముగా చలికాలము చివర జరుగును. అప్పటినుండి నీరు మాని, మన్ను ఆరనిచ్చి, ఆకులు ఎండిన పిమ్మట త్రవ్వవలెను. రామానుజాచార్యుల ఆజ్ఞను శిరసావహించి తిరుమలకొండపై పూదోట పెంచిన అనంతాళ్వారుల గునపమును మహాద్వారమువద్ద యాత్రికులు నేటికిని దర్శించుచున్నారు. చెరువు త్రవ్వుటకు గునపము తగినదే గాని ఈ పనికి తగదు. మొన దిగినచోట రెండు మూడు గడ్డలు చీలును, చీలిన గడ్డ కుళ్ళును. దుబ్బునకు జానెడు దూరమున చుట్టును చిన్నపారతో మన్ను వదులుచేసి, అడుగునుండి ముద్దగా పైకెత్తుటయే మార్గము.

ఎత్తిన ముద్దను దులిపి, ఎండుటాకులను గడ్డకు పైగా కత్తిరించి, పిల్లగడ్డలను చేతితో మెల్లగా త్రిప్పి వేరుచేయవలెను. పట్టినంతనే ఊడివచ్చునవి పండినవి. పూచి వట్టిపోయిన తల్లిగడ్డను, మెత్తబడినవానిని ఏరి తీసివేయవలెను. మిగిలినవానిని నీడలో, గాలి తగులుచోట పలుచగా పరచి, రెండు మూడు రోజులకొకమారు అటునిటు త్రిప్పుచు నాలుగైదు వారములు ఉంచవలెను. ఆత్రపడి ఆనాడే నాటుటకన్న ఈ విశ్రాంతి ఇచ్చి నాటినచో మొలక సమముగా వచ్చును. తడిగోనెలో మూటకట్టి మూలబెట్టుట గడ్డలను చేజేతుల కుళ్ళబెట్టుటయే.

నాటుటకు మార్చి, ఏప్రిల్ నెలలు అనుకూలములు. ఎండ బాగుగా తగులు చోటు కావలెను. చెట్టునీడలో ఆకు పెరుగును గాని పూవు రాదు. నల్లరేగడినేల అయినచో ఇసుకయు, చివికిన పశువుల ఎరువును కలిపి మడిని జానెడు ఎత్తు చేయవలెను. నీరు నిలుచుట దీనికి గిట్టదు. గడ్డకును గడ్డకును 20 సెంటీమీటర్ల ఎడముంచి, 5 సెంటీమీటర్ల లోతున, మొన పైకుండునట్లు నాటవలెను. నాటుటకు ముందు మడిని తడిపి, మొలక కనబడువరకు మరల నీరు పెట్టకుండుట మంచిది. మొలచిన తరువాత వారమునకొక తడి చాలును, మండువేసవిలో రెండు. నాటిన మూడు నాలుగు నెలలకు వెన్నులు వచ్చును. గడ్డలన్నిటిని ఒకే దినమున నాటక, కొన్నిటిని పక్షము, నెల ఎడముతో నాటినచో పూవులు ఒక్కుమ్మడిగా వచ్చి ఆగిపోక, పలుమాసములు పూజకు అందును.

చిన్నగడ్డలను పారవేయరాదు. వానిని వేరొక మడిలో దగ్గరదగ్గరగా నాటి ఒక ఏడు పెంచినచో అవియు పూతకు వచ్చును. గింజలనుండి మొక్కలను పెంచుట నూతన రకములను సృష్టించు పరిశోధకుల పని. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి ప్రజ్వల్ అట్లు సంకరము వలన కలిగినదే. గడ్డనుండి వచ్చినది మాత్రము అచ్చముగా తల్లిని పోలియుండును. మాలలు కట్టుటకు ఒంటిరేకు రకము శ్రేష్ఠము. ముద్దపూవు చూపులకు నిండుగా నున్నను పరిమళమున దానికి సాటిరాదు. వెన్నుపై పూవులు క్రిందినుండి పైకి విచ్చును గనుక, ప్రతి ఉదయము విచ్చనున్న మొగ్గలను మాత్రమే కోసికొనుచు ఒక్క వెన్నును అనేక దినములు వాడుకొనవచ్చును.

ఒక ముదిరిన దుబ్బునుండి సొంతమడికి పోను గడ్డలు మిగులును. వానిని ఇరుగుపొరుగులకును, ఊరి ఆలయపు పూదోటకును ఇచ్చుట మన స్త్రీలకు అలవాటైన పనియే. కాని ఇచ్చుటకు ముందు వేళ్ళను పరీక్షింపవలెను. వేళ్ళపై పూసలవంటి ముడులున్నచో నులిపురుగు పట్టినదని అర్థము. కంటికి కానరాని ఈ పురుగు గడ్డలవెంటను, వానికంటిన మన్నువెంటను క్రొత్తచోటికి చేరి అచ్చటి మొక్కలను సైతము పాడుచేయును. అట్టి దుబ్బు గడ్డలను ఎంత లావైనను గుడితోటకు పంపరాదు, కాల్చివేయవలెను. ఆ మడిలో వేపపిండి కలిపి, ఒక కారు బంతి పెంచినచో పురుగు తగ్గును. ఆ కాలమున పూజకు బంతిపూలే చాలును.