వంతుల పటము

రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము పూలమొక్కల నర్సరీలకు పేరుగాంచినది. అట్టి తోట నొకదానిని మనస్సున ఊహించుకొనుడు. నీటిగొట్టము ఒకటి, తడుపవలసిన మడులు మూడు. లేత నారునకు ఎండ ముదురక మునుపే నీరు అందవలెను. గులాబీలు మధ్యాహ్నము వరకు ఓర్చును. కొబ్బరిమొక్కలు సాయంకాలము వరకు వేచియుండును. కనుక తోటమాలి ముందు నారును, పిదప గులాబీలను, తుదకు కొబ్బరిని తడుపును. వంతు తప్పినచో నారు మాడిపోవును. సాయంకాలము కుండలకొలది నీరు పోసినను బ్రదుకదు.

కంప్యూటరు పనియు ఇట్టిదే. అందలి ప్రాసెసరు ఒక్కటియే యైనచో, ఒక క్షణమున ఒక్క పనినే చేయగలదు. పనులన్నియు ఒక్కమారుగా సాగుచున్నట్లు మనకు తోచుట, అది అతివేగముగా వంతులు మార్చుటవలననే. ఈ వంతులను నిర్ణయించుటకు షెడ్యూలింగు అని పేరు. ఫలితము సరియైనదగుటయే గాక గడువులోపల అందవలసిన వ్యవస్థను రియల్‌టైము వ్యవస్థ యందురు.

ఈ వంతులు రెప్పపాటున అనేక పర్యాయములు మారుచుండును, కంటికి కానరావు. అందుచే ఇంజనీర్లు వానిని పటముగా గీయుదురు. ఎడమనుండి కుడికి కాలము. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వరుస. పని నడచినంతసేపు దళసరి గీత, ఆగినంతసేపు ఖాళీ, గడువు వద్ద నిలువు గుర్తు. గీత ఆ గుర్తును దాటినచో లోపమున్నదన్నమాట.

ఇట్టి పరిశీలన ఎంత మేలు చేయునో వినుడు. 1997 జులై 4వ తేదీన అమెరికావారి పాత్‌ఫైండర్ నౌక అంగారక గ్రహముపై దిగెను. కొలది దినములకే దాని కంప్యూటరు పలుమార్లు తనంతట తానే ఆగి, మరల మొదలగుచుండెను. భూమిపైనున్న ఇంజనీర్లు అట్టిదే యగు యంత్రముపై ఆ పనులను నడిపించి, ఏ క్షణమున ఏ పని జరిగెనో నమోదు చేసి చూచిరి. దోషము బయటపడెను. వాతావరణ వివరములను సేకరించు చిన్నపని, ఉమ్మడి గదికి తాళపుచెవి వంటి హక్కును పట్టుకొనియుండగా, మధ్యరకపు పని యొకటి దానిని ఆపివైచెను. ఆ తాళపుచెవికై మిక్కిలి ముఖ్యమైన పని యొకటి వేచి వేచి గడువు దాటెను. అది గమనించిన కాపలా ఏర్పాటు కంప్యూటరును మరల మొదలుపెట్టెను.

అంతట తాళపుచెవి చేతనున్నంతవరకు చిన్నపనికి పెద్దపని యొక్క అగ్రస్థానము ఎరువుగా దొరకునట్లు మార్పు చేసి, దానిని భూమినుండి పంపిరి. బాధ తొలగెను.

బాలలారా! ఉదయమున మీ యింట ఒకే పొయ్యిపై జరుగు పనులను ఇట్లే గీచి చూడుడు. ఆలస్యమునకు కారణము ఒకరి సోమరితనము కాక, వంతుల పొరపాటే యని తెలియవచ్చును.